ఆఫర్ మీద కర్చీఫ్

మే 6, మంగళవారం

ఇందుమూలంగా నాకు నేను తెలియజేసుకొనునది ఏమనగా, నేటి నుంచి డైరీ రాయదలిచాను. కారణం: ఆఫీసులో నాకొక చారిత్రక బాధ్యత అప్పగించారు. చరిత్రలో చోటు దొరికినవాళ్లంతా ముందుచూపుతో డైరీలు రాసిపెట్టుకున్నారని విన్నాను. దొరకనివాళ్లూ రాసే ఉంటారు గానీ, వాటిని చదివే నాథుడెవడు.

బాధ్యత ఇది. గోదాములకూ ఆసుపత్రులకూ దుకాణాలకూ మనుషుల్ని వెతికిపెట్టే కంపెనీ మాది. ఉద్యోగం కావాలన్నవాళ్ల వివరాలన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఇన్నాళ్లూ దాన్ని రిక్రూటర్లు మౌస్‌తో నొక్కుతూ, మధ్యమధ్య దాని పుట్టుపూర్వోత్తరాలు తిడుతూ నడిపారు. ఇకమీదట ఒక ఏఐ ఏజెంట్ నడుపుతుందట. ఏజెంట్‌కి చేతులు లేవు, మౌస్ పట్టుకోలేదు. అందుకని సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఒక కమాండ్ టూల్ ఇచ్చారు. నల్లటి తెర మీద ఒక్క వాక్యం టైప్ చేస్తే, మౌస్‌తో పదిసార్లు నొక్కే పని అయిపోతుంది. ఆ వాక్యాలు ఏజెంట్ టైప్ చేస్తుంది. ఏజెంట్‌కీ టూల్‌కీ పొత్తు కుదర్చడం నా పని. అంటే సంబంధాలు చూసేవాణ్నన్నమాట. మధ్యవర్తి రుసుము జీతంలోనే కలిసి ఉంది.

మా మేనేజర్‌ని మేం డెమో గారంటాం. ఆయన కాలమానంలో రెండే యుగాలు: డెమోకి ముందు, డెమో తరవాత.

"ఎన్నాళ్లు పడుతుందోయ్?"

"రెండు వారాలండీ."

"శుక్రవారం చూపిస్తానని చెప్పేశాను."

"ఏ శుక్రవారమండీ?"

"శుక్రవారాల్లో మళ్లీ రకాలా?"

మే 7, బుధవారం

ఏజెంట్ వేంచేసింది. దానికి కొత్తల్లుడు అని పేరు పెట్టాను. మర్యాదకు లోటు లేదు, ఏం చెప్పినా 'తప్పకుండా' అంటుంది. కానీ కంచం ముందుకు రావాలి, మంచినీళ్లు చేతికి రావాలి. తనంతట తాను లేచి వంటింట్లో ఏముందో చూసుకోదు. ఏ తాళం ఏ తలుపుదో, తలుపు లోపలికి తోయాలో బయటికి లాగాలో, అన్నీ రాసిచ్చాను.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే బావ నవ్వాడు. నేనుండేది అక్కావాళ్లింట్లోనే. అక్క కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. బావ ఒకప్పుడు లారీల కంపెనీలో డిస్పాచ్ చూసేవాడు. ఏ లారీ ఎక్కడుందో, ఏ డ్రైవరు ఎక్కడ నిద్రపోతున్నాడో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆ కంపెనీ మూతపడింది. ఇప్పుడు ఒక కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కూర్చుని వచ్చీపోయే లారీల నంబర్లు రాసుకుంటాడు. అక్కడి సూపర్‌వైజరు బావకంటే చిన్నవాడు, బావని "ఏయ్ గేటూ" అని పిలుస్తాడు.

"అది కొత్తల్లుడైతే మరి నేనెవర్నిరా?" అన్నాడు బావ.

"నువ్వు పాతల్లుడివి బావా."

"అవున్లే. కొత్తల్లుడికి తాళాలిస్తారు. పాతల్లుణ్ని గేటు దగ్గర కూర్చోబెడతారు."

అక్క నవ్వలేదు. నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం ఉంది. మా కంపెనీ ద్వారా ఒక గోదాముకి సూపర్‌వైజర్లు కావాలని ప్రకటన వస్తే బావ అప్లై చేశాడు. మా సీనియర్ రిక్రూటర్ మేడమ్ అతనితో ఫోన్లో చాలాసేపు మాట్లాడింది కూడా. ఆ తరవాత చప్పుడు లేదు. అతను నా బావ అని ఆఫీసులో ఎవరికీ తెలీదు. చెప్పొద్దన్నది నేనే. రేపు ఉద్యోగం వస్తే బావమరిది ఇప్పించాడన్న మాట బావకి రాకూడదు. రాకపోతే, బావమరిది ఉండీ ఇప్పించలేదన్న మాట నాకు రాకూడదు. అన్నివైపులా ఆలోచించే మనిషిని.

మే 8, గురువారం

టూల్ పొద్దుటి నుంచీ 'అనుమతి లేదు' అంటోంది. ఇంత స్పష్టంగా నాతో ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు.

మే 9, శుక్రవారం

కుదిరింది! డెమో గారు అడిగారు: "గోదాం పోస్టులకి లారీల అనుభవం ఉన్నవాళ్లెందరు?" కొత్తల్లుడు నల్ల తెర మీద రెండు వాక్యాలు కొట్టి, పేర్లతో సహా చెప్పింది. నేను గాలి పీల్చుకునేలోపే.

"బాగుంది. కానీ ఇది చదువుతోందంతే," అన్నారు డెమో గారు. "చదవడానికి మా అబ్బాయీ చదువుతాడు. పని చెయ్యాలి. మనుషుల్ని ఒక దశ నుంచి ఇంకో దశకి మార్చాలి, ఉత్తరాలు పంపాలి. పెండింగ్ అన్న మాట నాకు కనిపించకూడదు."

సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అభ్యర్థీ ఐదు దశల్లో ఏదో ఒకదాంట్లో ఉంటాడు: దరఖాస్తు, పలకరింపు, ఇంటర్వ్యూ, ఆఫర్, చేరిక. ఏ దశలో ఏం జరగాలో సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకంలో శుభ్రంగా ఉంది. అయినా పెద్దల్ని అడగడం ధర్మం కాబట్టి మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఈ పనిలో ఆవిడ తల పండింది. మనుషుల పేర్లు మరిచిపోతుంది గానీ గొంతులు మరిచిపోదు. అప్పుడు కూడా ఎవరి గొంతో వింటూ ఉంది.

"మేడమ్, ఈ ఐదు దశలూ పుస్తకంలో రాసినట్టే కదా?"

ఫోన్‌ని అరచేత్తో మూసి, "రాసినట్టే నాయనా. ఇప్పుడు కాదు, తరవాత రా," అంది.

మొదటి సగం నాకు అనుమతి. రెండో సగం ఆవిడ సొంత విషయం. ఈ విధంగా పెద్దల ఆమోదం లభించినది.

మే 12, సోమవారం

రాసే అధికారం కూడా ఇచ్చాం. కొత్తల్లుడికి ఒకే ఒక్క సూత్రం చెప్పాను: ప్రతి దశలోనూ, ఆ దశలో చేయాల్సిన పని మిగిలి ఉంటే పూర్తి చెయ్యి. ఇంత పొందికైన వాక్యం నా జీవితంలో రాయలేదు.

టూల్‌లో ఉత్తుత్తి పరుగు అని ఒక సదుపాయం ఉంది. నిజంగా ఏమీ చేయకుండా, చేస్తే ఏం జరుగుతుందో చూపిస్తుంది. బాధ్యత గల వ్యక్తిగా అది నడిపాను. తెర నిండా వచ్చింది. ఫోన్ చేయాల్సినవాళ్లు, ఇంటర్వ్యూ తేదీ ఇవ్వాల్సినవాళ్లు. చివర్న: గోదాం సూపర్‌వైజర్, ఆఫర్ దశలో పదకొండుమంది, లేఖలు వెళ్లలేదు. పంపమంటారా?

ఆ పదకొండులో ఒక పేరు మా ఇంట్లో రోజూ వినపడేదే.

ఆగి మేడమ్‌ని అడగొచ్చు. కానీ ఏమని అడగాలి? పేరు చూసి ఆగానంటే, అది పక్షపాతం. మిగతా పదిమందికి ఆగనివాణ్ని పదకొండోవాడి కోసం ఎందుకు ఆగాలి? ఆగలేదు. నిష్పక్షపాతంగా 'అవును' అని కొట్టాను.

పాపం మేడమ్ పని ఒత్తిడిలో లేఖలు పంపడం మరిచిపోయిందన్నమాట. పెద్దవాళ్లకి ఇలాంటి సాయం చేస్తూ ఉండాలి.

మే 13, మంగళవారం

ఆఫీసులో కేకు కోశారు. పెండింగ్ సున్నా. డెమో గారు ఆ సున్నాని ఫోటో తీసుకున్నారు.

ఇంటికొచ్చేసరికి బావ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఫోన్ నా మొహం మీద పెట్టాడు.

"చదువు."

"గోదాం సూపర్‌వైజర్‌గా మిమ్మల్ని ఎంపిక చేసినందుకు..."

"పైకి చదవరా. మీ అక్క వినాలి."

"పొద్దుట్నుంచీ విన్నాను. మీ ఇద్దరి కంటే నాకే బాగా వచ్చు," అంది అక్క లోపల్నుంచి. 

బావ లోపలికొచ్చి మెల్లగా అడిగాడు: "ఒరేయ్, నిజం చెప్పు. నువ్వేమైనా చెప్పావా అక్కడ?"

"నీ మీదొట్టు బావా. ఒక్క ముక్క చెప్పలేదు."

అది అక్షరాలా నిజం. అతని మొహం ఎంత విప్పారిందంటే, చూడలేక నీళ్లు తాగడానికి వెళ్లాను. దాహం కూడా వేసింది.

మే 14, బుధవారం

బావ ఉద్యోగం మానేశాడు. ఉత్తరం ఇచ్చి ఊరుకోలేదు, ఉపన్యాసం ఇచ్చాడు. భోజనాల దగ్గర అభినయంతో సహా చూపించాడు. సూపర్‌వైజరు కుర్రాణ్ని పనివాళ్లందరి ముందూ నిలబెట్టి, "బాబూ, నన్ను రోజూ గేటూ గేటూ అని పిలిచావు. సంతోషం. ఇవాళ్టి నుంచి గేటు మూసేశాం. ఇక గోడెక్కి రా," అన్నాడట.

"నోటీసు ఇస్తే పోయేదిగా," అంది అక్క.

"ఇన్నాళ్లూ మింగింది కాస్త బయటికొచ్చిందే. నోటీసులో పడుతుందా అంత?"

అక్క చివరికి నవ్వింది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

మే 15, గురువారం

నేను 'అవును' కొట్టిన సమయమూ బావకి లేఖ వచ్చిన సమయమూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. లోకంలో చాలా విషయాలు దగ్గరదగ్గరగానే ఉంటాయి.

మే 16, శుక్రవారం

గోదాంవాళ్లు ఫోన్ చేశారు. నాలుగు పోస్టులకి పదకొండుమంది 'వస్తున్నాం' అంటున్నారు, కుర్చీలు తెచ్చుకోమనమంటారా అని.

మేడమ్ నా బల్ల దగ్గరికి నడిచొచ్చింది. ఆవిడ బల్ల వదిలి రావడం నేను చూడ్డం ఇదే మొదలు. డెమో గారు ఆవిడ వెనకాలే వచ్చారు.

"నాయనా, ఆఫర్ దశలో ఉన్నవాళ్లకి ఆఫర్ పంపమని ఎవరు చెప్పారు?"

ఈ ప్రశ్నలోనే జవాబుందని నాకనిపించింది. ఆ మాట అనలేదు.

"పుస్తకంలో అలా..."

"పుస్తకం రాసినవాడికి మన పై అంతస్తు తెలుసా?"

అప్పుడు తెలిసింది. మా పై అంతస్తులో ఇంకో జట్టు ఉంది. అదే కంపెనీ, అదే సాఫ్ట్‌వేర్. మేడమ్ గంటలు గంటలు మాట్లాడి ఒక మంచి మనిషిని పట్టుకుంటే, ఇంటర్వ్యూ దశలో ఉండగానే పైవాళ్లు వచ్చి తమ క్లయింటుకి ఎగరేసుకుపోతారు. ఒక్క ఆఫర్ దశలో ఉన్నవాళ్లని మాత్రం సాఫ్ట్‌వేర్ ముట్టుకోనివ్వదు. అందుకని మా అంతస్తులో ఎవరైనా నచ్చితే చాలు, ఆఫర్‌లో పడేస్తారు. లేఖ పంపరు. ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతి. అందరికీ తెలుసు కాబట్టి ఎక్కడా రాయలేదు.

"బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం చూడు, అదీ ఇది," అంది మేడమ్. "కర్చీఫ్ వేశామంటే టిక్కెట్టు కొన్నట్టా? పదకొండు కర్చీఫ్‌లకీ టిక్కెట్లు కొట్టేసింది నీ అల్లుడు."

"ఆ టూల్‌లో ఏదో లోపం ఉండుంటుంది," అన్నారు డెమో గారు. గోదాంవాళ్లకి ఫోన్లో కూడా 'సాంకేతిక లోపం' అనే చెప్పారు. ఆ లోపం ఎదురుగా కుర్చీలో కూర్చుని వింటూనే ఉంది.

"నాలుగు పోస్టులకి పదకొండు లేఖలేంటి అని నీకనిపించలేదా?" అడిగింది మేడమ్.

"లేదు మేడమ్."

అనిపించింది.

డెమో గారు పదకొండు లేఖలూ వెంటనే వెనక్కి తీసుకోమన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. "లేఖ చూసి ఉన్న ఉద్యోగం వదిలేసినవాళ్లుంటారు. గురువారం దాకా టైమివ్వండి. ఒక్కొక్కళ్లతో మాట్లాడి నలుగుర్ని నిలబెడతాను. మిగతా ఏడుగురికీ అప్పుడు చెబుదాం."

డెమో గారు క్యాలెండర్ చూసి సరే అన్నారు. గురువారం ఆయనకి డెమోలేమీ లేవు.

మే 17, శనివారం

చెప్పాలి.

మే 18, ఆదివారం

బావ చొక్కాలన్నీ ఇస్త్రీ చేసుకున్నాడు. నావి కూడా చేశాడు. కాలర్ ఇంత నిటారుగా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పలేదు.

అయినా నలుగురిలో అతనుండొచ్చు. అప్పుడు చెప్పి అనవసరంగా కంగారు పెట్టినట్టవుతుంది. ఇది దాచడం కాదు, ఓర్పు.

మే 19, సోమవారం

మేడమ్ ఫోన్లు చేస్తోంది, నేను పక్కన కూర్చుని జవాబుల్ని టూల్‌లో ఎక్కిస్తున్నాను. ఆవిడ అసలు సంగతి ఇంకా ఎవరికీ చెప్పడం లేదు. ఉన్న ఉద్యోగం వదిలారా, ఎప్పుడు వదిలారు, అవసరమైతే మళ్లీ వెళ్లగలరా, ఇవే అడుగుతోంది. చాలామంది ఇంకా వదల్లేదు.

మధ్యాహ్నం బావ వంతు వచ్చింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"వదిలేశానండీ," అన్నాడు. "బ్రహ్మాండంగా వదిలేశాను."

"మళ్లీ వెళ్లాల్సొస్తే రానిస్తారా?"

"మళ్లీనా? అదేంటండీ అలా అడుగుతున్నారు?"

"ఊరికే, వివరాల కోసం."

"గోడెక్కి వెళ్లాలండీ ఇక," అన్నాడు. మేడమ్ అర్థం కాకపోయినా నవ్వింది. ఫోన్ పెట్టేసి, "గొంతులో నిజాయితీ ఉంది," అంది నాతో. నేను టూల్‌లో ఎక్కించాను. ఉద్యోగం: వదిలేశారు. తిరిగి వెళ్లే అవకాశం: లేదు.

సాయంత్రం బావ చెప్పాడు: "మీ మేడమ్ ఫోన్ చేసిందిరా. ఎంత మర్యాదో. చేరకముందే యోగక్షేమాలు కనుక్కునే కంపెనీ ఎక్కడుంటుంది?"

"ఎక్కడా ఉండదు బావా," అన్నాను.

మే 20, మంగళవారం

ముగ్గురు ఖాయమయ్యారు. నాలుగో చోటుకి ఇద్దరు మిగిలారు. ఒకావిడ మందుల డిపోలో సరుకు చూసేది, ఆవిడా లేఖ రాగానే రాజీనామా ఇచ్చింది, ఆవిడ చోట్లో అప్పుడే వేరొకర్ని పెట్టేశారు. రెండో మనిషి బావ.

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇద్దరూ ఇద్దరే. ఇద్దరితోనూ మాట్లాడీ మాట్లాడీ నా బుర్ర పనిచేయడం లేదు. నువ్వు చెప్పు నాయనా. నీకు ఇద్దరిలో ఎవరూ తెలీదు గనక, నువ్వయితే సరిగ్గా చెబుతావు."

రేపు చెబుతానన్నాను.

సీటుకొచ్చి కొత్తల్లుణ్ని అడిగాను. అది ఇద్దరి వివరాలూ తిరగేసి, 'ఇద్దరూ సమానంగా అర్హులు. నిర్ణయానికి తోడ్పడే అదనపు సమాచారం మీ దగ్గర ఏదైనా ఉందా?' అంది.

'ఉంది' అని టైప్ చేశాను. చెరిపేశాను. కొత్తల్లుళ్లకి ఇంటి గుట్లు చెప్పకూడదు.

ఒకవిధంగా చూస్తే నేను నోరు మూసుకున్నా తప్పు లేదు. ఆవిడ అడిగింది ఇద్దరిలో ఎవరు మెరుగని. బావ మెరుగని నాకు నిజంగానే అనిపిస్తోంది. ఏ లారీ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెబుతాడు. మందుల డిపో ఆవిడ కళ్లు మూసుకుని ఏం చెబుతుందో నాకు తెలీదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది, ఆవిడ గురించి నాకేమీ తెలీదు.

మే 21, బుధవారం

పొద్దున్నే మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"మేడమ్, ఆ లారీలాయన నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"మా బావ."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టింది. నేను ఖాళీని పూరించే మనిషిని కాబట్టి పూరించాను: "మా అక్క పెళ్లైనప్పట్నుంచీ తెలుసు."

నవ్వలేదు.

"లేఖలు పంపేముందు పేరు చూశావా?"

"చూశాను."

"అందుకే నన్ను అడగలేదు."

అది ప్రశ్న కాదు కాబట్టి జవాబివ్వలేదు.

ఆవిడ ఫోన్ తీగని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. "పొద్దున లేచేసరికి నా మనసు తేలిపోయింది నాయనా. నువ్వేం చెప్పినా అతన్నే పెడదామనుకుని వచ్చాను," అంది. "ఆ గొంతు నాకు నచ్చింది. ఇప్పుడెలా పెట్టను? లేఖలు పంపినవాడి బావకే ఉద్యోగమొచ్చిందని పై అంతస్తువాళ్లకి తెలిస్తే, ఖాయమైన ఆ ముగ్గురి ఉత్తరాలూ పోతాయి."

"నేనిప్పుడు చెప్పకపోయి ఉంటే?"

"అడగకు. చెప్పావుగా."

తీగ వదిలేసి అంది: "రేపు మధ్యాహ్నం దాకా ఆపుతాను. ఉత్తరం వెళ్లేలోపు నీ నోటితో నువ్వు చెప్పు. అంతకంటే నేనేం చేయలేను."

సాయంత్రం చెప్పాను. కర్చీఫ్‌లు, పై అంతస్తు, ఉత్తుత్తి పరుగు, అన్నీ. ఇంత సాంకేతిక విషయాన్ని ఇంత తేటగా నేనెప్పుడూ వివరించలేదు. డెమో గారు చూసుంటే మెచ్చుకునేవారు.

బావ మధ్యమధ్య ప్రశ్నలడిగాడు, ఏదో లారీ దారి తప్పిన సంగతి కనుక్కుంటున్నట్టు.

"అంటే నన్ను ఎంచుకోలేదన్నమాట."

"నచ్చావు బావా. కర్చీఫ్ వేసింది."

"నేనెళ్లి కర్చీఫ్ మీద కూర్చున్నా."

కుర్చీ అతని దగ్గరికి జరుపుకున్నాను.

"పోనీ నిన్న? ఇవాళ? ఆవిడకి నేను నచ్చానంటున్నావు కదా."

"ఇవాళ పొద్దున నిన్నే పెడదామనుకుని వచ్చిందట."

"నువ్వు చెప్పకపోయుంటే?"

"నువ్వే, బావా."

అక్క చేతిలో పని పక్కన పెట్టింది. తలెత్తి నన్ను చూసింది. "ఇంతకీ ఆ మందుల డిపో ఆవిడ నీకేమవుతుందిరా?" అంది.

"ఏమీ అవదు."

"మేమేమవుతాం?"

దీనికి నా దగ్గర ఒక చమత్కారం కూడా లేదు. వెతికాను.

బావ లేచి గదిలోకి వెళ్లి పడుకున్నాడు. "లైటు తీసెయ్, కళ్లలో పడుతోంది," అన్నాడు.

లైటు వేసి లేదు. ఇంకా పొద్దే పోలేదు. వెళ్లి కిటికీ తలుపులు వేశాను.

మే 22, గురువారం

వెనక్కి తీసుకునే లేఖని కొత్తల్లుడు రాసింది. 'మీ ఉజ్జ్వల భవిష్యత్తుకు మా హృదయపూర్వక శుభాకాంక్షలు' అని ముగించింది. అది కొట్టేశాను. 'కొన్ని అనివార్య కారణాల వల్ల' అని ఉంటే 'మా పొరపాటు వల్ల' అని మార్చాను. డెమో గారు చూసి, పొరపాటు అన్న మాట కంపెనీ భాష కాదన్నారు. మేడమ్ తన బల్ల దగ్గర్నుంచే, "ఉండనివ్వండి. ఈ ఒక్కసారికి మన భాష ఉండనివ్వండి," అంది. ఉంది.

'ఏడు లేఖలూ ఒకేసారి పంపమంటారా?' అని అడిగింది కొత్తల్లుడు. వద్దన్నాను. నల్ల తెర నా ముందుకు లాక్కుని ఒక్కొక్క పేరుకీ కమాండ్ నేనే టైప్ చేశాను. దీనికి ప్రత్యేకమైన కారణం లేదు. టూల్ చేతిలో ఉండడం మంచిది, రేపెప్పుడైనా ఏజెంట్ పనిచేయకపోతే.

బావ పేరు ఏడోది. అక్షర క్రమంలో అది ఏడోది కాదు.

అక్క అన్నం పెట్టింది. బావ ఇంట్లో లేడు. ఎక్కడికెళ్లాడని అడిగితే, "పనికి," అంది. ఏ పనికి అని అడగడానికి నోరు రాలేదు. వచ్చాక చెప్పులు చూశాను, మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. లారీ ఆఫీసులున్న వీధంతా నడిచినట్టున్నాడు. నన్ను చూసి "తిన్నావా" అన్నాడు. తిన్నానన్నాను. సంభాషణ బాగానే సాగింది.

మే 23, శుక్రవారం

ఏడుగురి జవాబులూ వచ్చాయి. వచ్చిన ఉత్తరాలన్నీ చదివి సారాంశం రాసి, తరవాత ఏం చేయాలో సూచించడం కూడా కొత్తల్లుడి పనే. సూచించడం వరకే, చేయడం కాదు. అది ఇప్పుడు నా కొత్త సూత్రం.

ఒకాయన తిట్టాడు. శుభ్రంగా, తప్పుల్లేకుండా తిట్టాడు. ఒకావిడ లాయరు పేరు రాసింది. ముగ్గురు తాము ఇంకా పాత ఉద్యోగంలోనే ఉన్నామని, ఫరవాలేదని రాశారు. ఒకరు 'సరే' అన్నారు, అంతే.

ఏడోది:

'మీ లేఖ అందింది. పొరపాటని రాశారు, అర్థమైంది. ఆ నలుగురిలో ఎవరైనా రాకపోతే నాకు ఫోన్ చేయండి, పగలంతా ఖాళీగానే ఉంటాను. ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మీ ఆఫీసులో నాకొక బంధువు ఉన్నాడు. అది అడ్డం రాని చోట ఇంకేదైనా పని ఉన్నా చెప్పండి. గేటు దగ్గరైనా ఫరవాలేదు.'

పూర్తిగా చదివాను. నిన్న రాత్రి పక్కగదిలో ఒంటివేలితో టైప్ చేస్తున్న చప్పుడు విన్నాను. ఏదో ఆట ఆడుకుంటున్నాడనుకున్నాను. అలా అనుకోవడం సులువుగా ఉంది.

కింద కొత్తల్లుడు సారాంశం రాసిపెట్టింది.

'అభ్యర్థి ఆసక్తి: ఉంది. చేరగలిగే తేదీ: వెంటనే. అడ్డంకి: ఒక బంధువు. వేరే జట్టు తీసుకోకుండా ఈ అభ్యర్థిని ఆఫర్ దశలో ఉంచమంటారా? అవును / కాదు.'

మా అంతస్తు పద్ధతి ఇంత త్వరగా ఎలా నేర్చుకుందో తెలీదు. సారాంశంలో దిద్దడానికి ఏమైనా ఉందేమోనని రెండుసార్లు చూశాను. ఏమీ లేదు. 'కాదు' కొట్టి, బావని ఇంటర్వ్యూ దశకి దింపాను. ఇక పై అంతస్తువాళ్లు ఎగరేసుకుపోవచ్చు.

వాళ్లు చూసేవరకూ తెర అలాగే తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.